సదయ్యకు ఏ జబ్బూ లేదట

పూలమ్మ ఒక పని తలకెత్తుకుందంటే అది తేలేదాకా తనకు నిద్ర ఉండదు, చుట్టుపక్కలవాళ్లకూ ఉండనివ్వదు. క్వార్టర్ల లైనులో నల్లా రాకపోతే ఖాళీ బిందెతో ఆఫీసు గుమ్మంలో కూర్చునేది ఆమే. రేషన్ దుకాణంవాడు తూకంలో చెయ్యి ఆడిస్తే ఆ చెయ్యి పట్టుకునేదీ ఆమే. అలాంటి పూలమ్మ ఆ ఏడు తలకెత్తుకున్న పని, మొగుణ్ని రోగిని చేయడం.

వేరే ఊళ్లో వింటే ముక్కున వేలేసుకుంటారు గానీ గోదావరిఖనిలో ఎవరూ ఆశ్చర్యపోరు. బొగ్గుబాయిలో పనిచేసే మనిషికి ఇక ఆ పని చేతకాదని డాక్టర్ల బోర్డు తేల్చి ‘అన్‌ఫిట్’ అని రాస్తే, ఆ నౌకరి ఇంట్లో పిల్లలకు వస్తుంది. రాయకపోతే వయసు నిండిన రోజు శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి సాగనంపుతారు. నౌకరి పోతుంది, దాని వెనకే కంపెనీ క్వార్టరూ పోతుంది. అందుకే యాభై దాటిన మగవాడు దగ్గితే మిగతాచోట్ల పెళ్లాం కషాయం పెడుతుంది, ఇక్కడ దరఖాస్తు పెడుతుంది.

సదయ్య సపోర్ట్‌మెన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలి మనుషుల మీద పడకుండా భూమి లోపల దన్నులు నిలబెట్టే పని. పెళ్లికి ముందు నుంచీ అదే పని. మోకాళ్లు పట్టేస్తాయి, చలికాలం దగ్గు వస్తుంది. అంతకు మించి మనిషి రాయి. తిన్నది అరుగుతుంది, పడుకుంటే గురక పెడతాడు. పూలమ్మకు వచ్చిన చిక్కల్లా అదే.

ముందు అతని చేత డ్యూటీకి నాగాలు పెట్టించింది. తర్వాత ఒక చేతికర్ర కొనిచ్చింది. సందు మధ్యకు వచ్చాక ఆగాలని, గోడ పట్టుకుని ఆయాసపడాలని నేర్పింది. ఎవరి పెళ్లిలోనో అతను రెండోసారి మటన్ వేయించుకుంటే దూరం నుంచే కళ్లెర్రజేసి, దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది.

“నలుగురు చూస్తున్నరు. రోగం మనిషివి, జర రోగం మనిషి తిన్నట్టు తిను.”

సదయ్య మెత్తని మనిషి. బాయిలో పై అధికారికి ఎదురు చెప్పిన సందర్భాలున్నాయేమో గానీ పూలమ్మకు చెప్పింది లేదు. ముక్క వదిలేసి చేయి కడుక్కున్నాడు. కొన్నాళ్లకు ఎవరూ చూడని చోట కూడా కర్ర లేకుండా అడుగు వేయడం మానేశాడు.

నౌకరి ఎవరికంటే, వాళ్లకున్నది ఒక్క కూతురు. పేరు మమత, పదో తరగతి. ఇప్పుడు ఆడపిల్లలకూ ఇస్తున్నారు. పద్దెనిమిది నిండేదాకా పేరు రాసి ఉంచి, నిండాక ఆఫీసులోనో దవాఖానలోనో పని ఇస్తారని పూలమ్మ వాళ్లనీ వీళ్లనీ అడిగి ముందే తెలుసుకుంది. అసలు సంగతి మాత్రం పిల్లకు చెప్పలేదు. పిల్ల నోట మాట దాగదు, నల్లా దగ్గర ఎవరితోనైనా అనేస్తే మొదటికే మోసం. “నాయినకు లోపల మంచిగ లేదు బిడ్డ” అని మాత్రం చెప్పింది. చూడవచ్చిన చుట్టాలందరికీ ఊపిరితిత్తుల దగ్గర మొదలుపెట్టి గుండె దాకా వర్ణించి చెప్పేది. మమత తలుపు పక్కన నిలబడి వినేది.

ఆ లైను చివర ఒక కల్వర్టు ఉంది. దాని మీద పొద్దస్తమానం కొందరు మగపిల్లలు కూర్చునేవారు. ఒకడు తొమ్మిదిలో ఆపాడు, ఒకడు ఇంటర్ మధ్యలో ఆపాడు. నాయిన నౌకరి వస్తున్నప్పుడు పుస్తకాలు మోయడం దేనికని అందరిదీ ఒకటే లెక్క. వాళ్లను ఎవరూ పేర్లతో పిలవరు. తండ్రుల పోస్టులతో పిలుస్తారు. ‘అరే ట్రామర్, ఇటు రా’, ‘ఫిట్టర్ ఏడి, కనిపిస్తలేడు?’ అంటారు. అందరిలో పెద్దవాడు ఎల్లన్న. జుట్టు పలచబడింది. వాళ్ల నాయిన నిండా ఆరోగ్యంగా రిటైరై, రోజూ పొద్దున్నే కాళ్లకు బూట్లేసుకుని వాకింగ్ చేస్తున్నాడు. ఎల్లన్న ఇంకా కల్వర్టు మీదే ఉన్నాడు.

దసరా సెలవులు అయిపోయాక మమత బడికి పోలేదు. ఆపింది పూలమ్మే. మొగుణ్ని పట్టుకుని తాను దవాఖాన చుట్టూ తిరుగుతుంటే ఇంట్లో వండేవాళ్లు కావాలి, నీళ్లు పట్టేవాళ్లు కావాలి. ఇది పైకి చెప్పిన మాట. నౌకరి ఖాయమైన పిల్లకు లెక్కలతో ఏం పని అన్నది లోపలి మాట. మమత రెండు రోజులు అన్నం తినలేదు. ఆ తర్వాత నోరెత్తకుండా పొయ్యి దగ్గర కూర్చుంది. ‘సపోర్ట్‌మెన్ పోతున్నది సూడు’ అని కల్వర్టు పిల్లలు అంటే మొదట్లో కోపగించుకునేది, తర్వాత తల వంచుకుని పోవడం నేర్చుకుంది. పిల్లకు బుద్ధి వచ్చిందని పూలమ్మ సంబరపడింది.

ఒకరోజు బడి పెద్ద మేడం నాగరత్నం ఇంటికే వచ్చింది. మొగుడి ఉద్యోగం వెంట కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. ఇన్నేళ్లయినా మాట మాత్రం అటువైపుదే.

“పూలమ్మగారూ, పిల్ల బాగా చదువుతుందండీ. పబ్లిక్ పరీక్షలు దగ్గర్లోనే ఉన్నాయి. ఈ నాలుగు నెలలూ పంపించండి చాలు.”

“మా పిల్లకు కంపెనీ నౌకరి ఉన్నది మేడం” అంది పూలమ్మ, నడుం మీద చేయి తీయకుండానే. “మీరు సదువు చెప్పినోళ్లంత చౌరస్తల ఫ్లెక్సీలు కడుతున్నరు. ముందుగల గా పిల్లల సంగతి చూసుకోండ్రి.”

చాయ్ కూడా పోయకుండా పంపించింది. ఆ జవాబును ఆడవాళ్లు వారం రోజులు చెప్పుకున్నారు. మేడంకు అట్లనే కావాలన్నారు. పొయ్యి ముందు కూర్చున్న పిల్ల మొహం ఎలా ఉందో ఎవరూ చూడలేదు, పూలమ్మ అసలే చూడలేదు.

చలి వెనకబడే రోజుల్లో కంపెనీ పెద్దాఫీసున్న కొత్తగూడెం నుంచి బోర్డుకు రమ్మని కబురొచ్చింది. బయల్దేరే ముందు పూలమ్మ మొగుణ్ని ఎదురుగా కూర్చోబెట్టి, తానే డాక్టరై ప్రశ్నలు అడిగింది. జవాబు వెంటనే చెప్పొద్దంది. కుర్చీలోంచి లేచేటప్పుడు రెండుసార్లు ప్రయత్నించి లేవమంది. సదయ్య అన్నిటికీ తలూపి బస్సెక్కాడు.

మర్నాడు సాయంత్రం దిగాడు. వీధి మొదట్లోనే పూలమ్మ ఎదురెళ్లింది.

“ఏమన్నరు?”

“ఏం లేదన్నరు.”

“ఏం లేదంటే?”

“ఏ జబ్బు లేదట. ఫోటోలు తీసిన్రు, రక్తం చూసిన్రు. మోకాళ్లకు నూనె రాసుకోమన్నరు.” దొంగతనంలో పట్టుబడినవాడిలా తల దించుకున్నాడు. “ఫిట్ అని రాసిన్రు.”

గంట తిరక్కుండా ఇల్లంతా మనుషులతో నిండిపోయింది. మగవాళ్లు బయట అరుగు మీద, ఆడవాళ్లు లోపల. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఒకాయన సదయ్య భుజం మీద చెయ్యి వేసి, “ధైర్యంగుండు తమ్మీ, మన చేతిల ఏమున్నది” అన్నాడు. పక్క క్వార్టర్ లింగవ్వ గిన్నె నిండా అన్నం, పప్పు తెచ్చింది. ఈ పూట ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారని ఆమె ఉద్దేశం. మనిషి పోయిన ఇంటికి ఎలా తెస్తారో అలాగే మూత పెట్టి తెచ్చింది. ఆ మనిషేమో గోడకు ఆనుకుని, ఆకలి చంపుకోలేక ఆ గిన్నె వైపే చూస్తున్నాడు.

“బాధపడకు వదినె” అంది లింగవ్వ కళ్లొత్తుకుంటూ. “మల్ల పెట్టుకోవచ్చునట. ఏడాది ఆగుండ్రి. గప్పటికి అన్నకు జర ముదురుతది.”

“ముదురుతది, ఎందుకు ముదరదు” అంది పూలమ్మ గట్టిగా. ఓటమి ఒప్పుకోవడం ఆమె రక్తంలో లేదు. “ఇప్పటి సంది దవాఖానల చూపిస్తనే ఉంటం. ఈసారి ఎట్ల రాయరో నేను చూస్త.”

అప్పుడే నీళ్ల బిందెతో వచ్చిన మమత గుమ్మంలో ఆగిపోయింది. ఇంటి నిండా మనుషులు, దించుకున్న తలలు. పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

“నాయినా, ఏమన్నరు?”

“ఏం లేదన్నరు బిడ్డ.”

“ఏం లేదంటే? ఇగ మందులు గూడ లేవన్నరా?”

“అది కాదు బిడ్డ. జబ్బే లేదట. మంచిగనే ఉన్ననట.”

“గుండెల? ఊపిరితిత్తులల్ల?”

“ఏడ ఏం లేదట.”

బిందె ఎక్కడ పెట్టిందో మమతకే తెలియదు. తండ్రి దగ్గరికి వచ్చి కూలబడి, అతని రెండు చేతులూ పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఇంతమందిలో నవ్వింది ఆ పిల్ల ఒక్కతే.

“నువ్వు సచ్చిపోతవనుకున్న నాయినా” అంది. “అమ్మ అందరికి చెప్పుడు రోజు ఇంటున్న. నువ్వు కర్ర పట్టుకుని నడుసుడు సూస్తున్న. రోజు నువ్వు నిద్రల ఊపిరి తీసుకుంటున్నవో లేదో లేసి సూస్తున్న. బడికి పోతే నేను లేనప్పుడు ఏమన్న అయితదేమో అని...”

సదయ్య కూతురి తల మీద చేయి వేసి, బిత్తరపోయి పెళ్లాం వైపు చూశాడు. లోపలున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచారు. లింగవ్వ గిన్నె అక్కడే వదిలేసి, కొంగు సర్దుకుంటూ బయటికి నడిచింది.

పూలమ్మకు ఒళ్లంతా సిగ్గు కమ్మింది. బతుకులో ఆమె చాలామందిని సిగ్గుపడేలా చేసింది గానీ తాను పడటం ఇదే మొదలు. పిల్లకు బుద్ధి వచ్చిందనుకుంది తాను. వచ్చింది భయం. తాను మొగుడికి రోగం కోసం ఎదురుచూస్తుంటే, అదే ఇంట్లో అదే చాప మీద పిల్ల తండ్రి ఊపిరి లెక్కపెట్టుకుంటూ పడుకుంది. ‘ముదురుతది’ అని తాను ఇప్పుడే అన్న మాట నోట్లో చేదుగా తగిలింది.

మర్నాడు సదయ్య మొదటి షిఫ్టుకు పోయాడు. పూలమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

“మమతా, యూనిఫాం వేసుకో. బడికి పోదాం.”

“నేను రాను” అంది మమత కూర తరుగుతూ.

“ఎందుకు రావు? నాయినకు మంచిగున్నది గద.”

“ఇప్పుడు మంచిగున్నది. నువ్వు ఏడాదికి మల్ల పెడతవు గద. లింగవ్వత్తకు చెప్పినవు, నేను ఇన్న. మల్ల నాయిన దగ్గుతడు, మల్ల నన్ను ఆపుతవు.” గొంతు పెంచలేదు. “పోవుడు, ఆగుడు, మల్ల పోవుడు నాతోని కాదమ్మా. ఒక్కసారి ఆగిన. సాలు.”

ఈ పిల్లకు తన మాట మీద నమ్మకం పోయింది. ఇక ముందు ఎన్ని మాటలు చెప్పినా అవి మాటలే. ఈ పూట చేజారితే ఈ పిల్ల మళ్లీ బడి గడప తొక్కదని పూలమ్మకు ఖాయంగా తెలిసింది. చాకు తీసి పక్కన పెట్టింది, పిల్ల చెయ్యి పట్టుకుని లేపింది.

“నామీద నమ్మకం లేకపోతే లేదుతియ్యి. యూనిఫాం వేసుకుని నాతోని ఆడిదాక రా. ఆడ నేను మాట్లాడేది ఇను. ఇన్నంక గూడ వద్దనిపిస్తే ఇంటికి తోలుకొస్త, ఇగ ఎన్నడు అడగ.”

కల్వర్టు దగ్గర ఎవడో అలవాటుగా అన్నాడు, “సపోర్ట్‌మెన్ యాడికో పోతున్నది!”

పూలమ్మ ఆగింది. “దాని పేరు మమత. బడికి పోతున్నది. మీకు గూడ పేర్లున్నయి గద, యాదికుంటే మీరు గూడ రాండ్రి.”

ఎల్లన్న సెల్‌ఫోన్ వైపు చూసుకున్నాడు.

బడిలో ప్రార్థన అయిపోయి పిల్లలు గదుల్లోకి పోతున్నారు. నాగరత్నం మేడం తన గదిలో కళ్లజోడు తుడుచుకుంటూ, గుమ్మంలో నిలబడ్డ ఇద్దరినీ చూసింది. కూర్చోమని వెంటనే అనలేదు.

“రండి పూలమ్మగారూ. ఫ్లెక్సీలు కట్టేవాళ్ల సంగతి ఇంకా చూసుకుంటూనే ఉన్నానండీ. పూర్తి కాలేదు.”

“అనుండ్రి మేడం” అంది పూలమ్మ. “నాలుగు మాటలు ఎక్కువనే అనుండ్రి, నేను పడుత. పిల్లను మాత్రం పరీక్షకు కూసోబెట్టుండ్రి.”

మేడం మమత వైపు చూసింది. పిల్ల నేల వైపు చూస్తోంది. యూనిఫాం వదులైంది. మేడం గొంతులో వెటకారం తగ్గింది. కుర్చీలు చూపించింది.

“పేరు తీసెయ్యలేదు లెండి. చిక్కేమిటంటే హాజరు బాగా తక్కువైంది. పరీక్ష రాయనివ్వమని నేను పై ఆఫీసుకు రాయాలి. ఇన్నాళ్లు ఎందుకు రాలేదో కారణం చూపించాలి.” కాగితం, కలం దగ్గరికి లాక్కుంది. “పిల్లకేమైనా ఒంట్లో బాగోలేదా? నిజంగా జబ్బు చేసి ఉంటే చెప్పండి, డాక్టరు కాగితం జత చేస్తే పని తొందరగా అవుతుంది.”

డాక్టరు కాగితం! ఈ ఊళ్లో ఏ గదిలో ఏ డాక్టరు కూర్చుంటాడో, ఎవరికి ఏం చెప్పుకుంటే ఏ జబ్బు రాస్తారో పూలమ్మకు తెలిసినంత ఇంకొకరికి తెలియదు. టైఫాయిడ్ అంటే చాలు. మధ్యాహ్నానికల్లా తెచ్చి ఈ బల్ల మీద పెట్టగలదు. తలెత్తి చూస్తే మమత తన వైపే చూస్తోంది. అమ్మ ఏమంటుందో ఆ పిల్లకు ముందే తెలిసినట్టుంది ఆ చూపు.

“జబ్బు లేదు మేడం” అంది పూలమ్మ. “మా ఇంట్ల ఎవ్వలకు ఏ జబ్బు లేదు.”

“మరి?”

“నేను చెప్పినట్టు రాయుండ్రి. తండ్రికి రోగం రావాలని తల్లి ఎదురుచూసింది. నౌకరి వస్తదని. పిల్లకు నిజం చెప్పలే, బడి గూడ ఆపింది. తండ్రి సచ్చిపోతడని పిల్ల భయపడుకుంట ఇంట్ల కూసున్నది. గందుకు బడికి రాలే. పిల్లది ఏం తప్పు లేదు.”

మేడం చేతిలో కలం అలాగే ఉంది.

“అలా ఎలా రాయనండీ” అంది చివరికి, మెల్లగా. “ఇంటి పరిస్థితుల వల్ల అని రాస్తాను.”

“ఇంటి పరిస్థితికి ఏమైంది మేడం? మంచిగనే ఉండె. నేనే మంచిగ లేకుంటి.” పూలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. “ఇంకో ముచ్చట గూడ రాయుండ్రి. మేం మల్ల దరఖాస్తు పెట్టం. వచ్చే ఏడాది పెట్టం, ఆ పై ఏడాది పెట్టం. మా ఆయన వయసు నిండేదాక డ్యూటీ చేస్తడు, శాలువా కప్పించుకుని వస్తడు. ఆయన నౌకరి ఆయనదే. దీని నౌకరి ఇదే తెచ్చుకుంటది. ఇది గూడ రాసి పంపుండ్రి.”

“అది పై ఆఫీసుకు అక్కర్లేదు పూలమ్మగారూ.”

“ఆఫీసుకు అక్కర లేదు మేడం. ఇనేటోళ్లు ఇన్నరు.”

నాగరత్నం మేడం తల వంచి రాయడం మొదలుపెట్టింది. కాసేపటికి తలెత్తకుండానే, “పరీక్ష నేను రాయిస్తాను. ఎవరిని అడగాలో వాళ్లని అడుగుతాను” అంది.

మమత కుర్చీలోంచి లేచింది. వెళ్లిపోతుందేమోనని పూలమ్మ కూడా సగం లేచింది.

“మేడం, ఇప్పుడు ఏ క్లాసు?”

“లెక్కలమ్మా.”

“నాకిప్పుడు ఏం రాదు మేడం.”

“రానివాళ్ల కోసమే చెప్తాం. సాయంత్రం స్పెషల్ క్లాసు కూడా ఉంది, ఉండిపో.”

మమత గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. తల్లిని చూసింది. “స్పెషల్ క్లాసుంటే లేటయితది. కూర నువ్వే వండుకో అమ్మా” అని వరండాలోకి నడిచింది. పూలమ్మ తల ఊపింది. ఆ పిల్ల తనకు పని పురమాయించడం ఇదే మొదటిసారి. ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

షిఫ్టు దిగి, స్నానం చేసి, సదయ్య అన్నానికి కూర్చునేసరికి మధ్యాహ్నం దాటింది. పూలమ్మ అడక్కుండానే మళ్లీ వడ్డించింది. అతను అనుమానంగా చూసి, ఏమీ అనదని తేలాక కలుపుకున్నాడు.

“మల్ల దరఖాస్తు పెట్టేది లేదని బడిల చెప్పొచ్చిన” అంది.

“మంచిగ చేసినవు.” నాలుగు ముద్దలు తిన్నాక అసలు భయం బయటపెట్టాడు. “మరి నేను నౌకరి దిగినంక క్వార్టర్ ఇడువాల్నాయె. యాడికి పోదాం?”

“గప్పటికి చూస్త. కిరాయిండ్లు లేవా ఈ ఊర్ల? నేను లేనా?”

పూలమ్మ చూస్తానందంటే చూస్తుంది. సదయ్యకు ఆ సంగతి తెలుసు కనుక దాని మీద ఇంకేం అడగలేదు. చెయ్యి కడుక్కుంటూ మాత్రం అడిగాడు.

“ఇంతకు బడిల ఏం రాయించినవు?”

పూలమ్మ కంచం తీసింది.

“నువ్వు మంచిగున్నవని.”